ఎవరో తిన్న పళ్లాలు

"ఇది ఎవరి ఎంగిలి అబ్బయా?" అని అడిగింది మా అమ్మ.

పళ్లేన్ని తిప్పి చూసి, గోటితో ఒక దెబ్బ కొట్టి, టంగుమని మోగాక అడిగిన ప్రశ్న అది. మోకాళ్ల నొప్పికి చూపించుకుందామని గూడూరు నుంచి రెండు నెలలు మా ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో రోజే షెడ్డు చూస్తానంది. చర్లపల్లి దగ్గర మాకో రేకుల షెడ్డు ఉంది. హోటళ్లకీ కెఫేలకీ పళ్లాలు, గిన్నెలు చేసి ఇస్తాం. నలుగురం పనిచేస్తాం, ఒక గ్యాస్ బట్టీ ఉంది, అంతే మా సామ్రాజ్యం. ఆ పళ్లెంలో ఐదో వంతు పగిలిన పాత పళ్లాల పొడి అని నేనే గొప్పగా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

నేను గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చేశాను. ఆ చదువు ఒకటి ఉందని మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ తెలీదు. "కుండలు చేయడానికి కూడా కాలేజీనా?" అని మా పెదనాన్న చాలా ఏళ్లు ఏడిపించాడు. చదువయ్యాక ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వెళ్లి ఒక క్రాకరీ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. బులంద్‌షహర్ జిల్లాలో ఉంటుంది ఆ ఊరు. వందల కొద్దీ చిన్నా పెద్దా పింగాణీ యూనిట్లున్నాయి. ఖుర్జా పాటరీకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెల్లుతుంది. మీ ఇంట్లో ఊరగాయ జాడీనో, నీలం పువ్వుల కప్పో ఉంటే అది అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు.

ఆ ఊళ్లో నాకు మొదట కనపడింది కప్పులు కాదు, పెంకులు. ఫ్యాక్టరీ గోడల వెనక, రోడ్డు పక్క గుంతల్లో, ఖాళీ జాగాల్లో, ఎక్కడ చూసినా తెల్లటి ముక్కలు. వాన పడితే మిలమిలా మెరుస్తాయి. చెప్పుల్లేకుండా నడిచేవాడెవడూ ఉండడు. కప్పు చెవి విరిగినా, అంచు వంగినా, పైన గాజులా మెరిసే పూత, అదే గ్లేజు, దాని మీద సూదిమొన అంత రంధ్రం పడినా రిజెక్టే. ఆ రిజెక్టులన్నీ ట్రాక్టరెక్కి గుంత పూడ్చడానికి పోయేవి. ఈ మధ్య అదే ఊళ్లో 80 టన్నుల పింగాణీ చెత్తతో బొమ్మలు చేసి 'అనోఖీ దునియా' అని ఒక పార్కు కట్టారు. బాగుంది కానీ, కప్పు కాబోయి పగిలినది మళ్లీ కప్పయితే నాకు ఇంకా నచ్చుతుంది.

ఇందులో రెండు రకాల వేస్ట్ ఉంది. పచ్చి వేస్ట్, కాల్చిన వేస్ట్. తిరిగే అచ్చు మీద మట్టిని అదిమే జిగ్గర్ మిషన్ మీద పళ్లెం తీసేటప్పుడు అంచు నుంచి ఊడిన మట్టి పచ్చిది. నీళ్లలో వేస్తే కరిగి మళ్లీ మట్టవుతుంది. దాన్ని ఏ ఫ్యాక్టరీ పారేయదు, తాతల కాలం నుంచీ తిరిగి వాడుతూనే ఉన్నారు. 'మేం రీసైకిల్ చేస్తాం' అని పెట్టె మీద రాసుకునే కొందరు చేసేది ఇదే. గిన్నెకంటిన ఇడ్లీ పిండిని గీరి ఇంకో ఇడ్లీ వేసి, దానికి పేపర్లో ఫోటో వేయించుకున్నట్టు.

కాల్చినదానితోనే కష్టమంతా. మట్టిలో నీళ్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి మనం కలిపింది, ఎండలో పోతుంది. ఇంకొకటి మట్టి కణం కట్టుబడిలోనే ఉండేది. బట్టీలో 500 డిగ్రీలు దాటాక అది విడిపోతుంది. అది పోయాక దాదాపు 1000 డిగ్రీల దగ్గర లోపల కొత్త స్ఫటికాలు పుట్టడం మొదలవుతుంది, మట్టిలో కలిపే ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడి కరిగి గాజులా సందుల్లోకి పాకుతుంది. ఇక దాన్ని ఎంత మెత్తగా నూరినా, ఎన్నాళ్లు నానబెట్టినా మట్టి కాదు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియానికి వెళ్లి చూడండి, శాతవాహనుల నాటి మట్టి సామాన్లున్నాయి. రెండు వేల ఏళ్లు నేలలో పడి ఉండి కూడా అవి మళ్లీ మట్టి కాలేదు.

కాల్చిన పొడి కలిపిన మట్టి చేతికి ఎలా ఉంటుందో చెప్పాలంటే నాకు జొన్నపిండే గుర్తొస్తుంది. గోధుమపిండికి సాగే గుణముంది, ఎటు లాగితే అటు వస్తుంది. జొన్నపిండికి లేదు. తడుతుంటే అంచులు పగుళ్లిస్తాయి, వేడినీళ్లు పోసి, చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. మామూలు పింగాణీ మట్టిలో సగం దాకా బంకమన్ను జాతివి ఉంటాయి, మిగతా సగం ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి. ఈ రెండో సగానికి కూడా సాగే గుణం లేదు. అందుకని చిల్లపెంకుల పొడిని బంకమట్టి చోట కాదు, ఈ రాళ్ల పొడుల చోట పెట్టాలి. నూటికి నేను చివరికి కుదుర్చుకున్న పాళ్లు ఇవి: బంకమన్ను రకాలు చైనా క్లే 35, బాల్ క్లే 17, ఫెల్డ్‌స్పార్ 15, పలుగురాయి 11, పెంకుల పొడి 20, జిగురు కోసం బెంటొనైట్ 2. కలిపాక ప్లాస్టిక్ కవర్లలో మూడు వారాలు ఊరబెడతాను. ఆవకాయలాగే ఇదీ ఊరితేనే దారికొస్తుంది.

ఈ 20 నా సొంత అంకె కాదు. జపాన్ వాళ్ల దగ్గర నేర్చుకున్నది.

నాతో ఇంటర్ చదివినవాడు ఒకడు నగోయాలో కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఖుర్జా వదిలి వచ్చేసిన ఏడాది, సంక్రాంతికి వస్తూ నాకోసం అన్నం గిన్నె ఒకటి తెచ్చాడు. "పాత గిన్నెలు పొడి చేసి చేశారంటరా, నీకు పనికొస్తుందని కొన్నాను" అన్నాడు. నగోయాకి దగ్గర్లోనే గిఫు ప్రాంతంలో తాజిమి, తోకి, మిజునామి అనే ఊళ్లున్నాయి. జపాన్‌లో తయారయ్యే పళ్లాలు, గిన్నెల్లో దాదాపు సగం ఆ చుట్టుపక్కలవే. వందల ఏళ్లు తవ్వేసరికి వాళ్లకి మంచి మట్టి తగ్గిపోతూ వచ్చింది. 1997లో అక్కడి సిరామిక్ పరిశోధన సంస్థ, ఫ్యాక్టరీలు, మట్టి తయారుచేసేవాళ్లు కలిసి గ్రీన్ లైఫ్ 21 అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. జనం ఇళ్లలో అక్కర్లేని, పగిలిన పళ్లాలు తెచ్చి ఇస్తే పొడి కొట్టి, కొత్త మట్టిలో 20 శాతం కలిపి మళ్లీ సామాను చేయడం. తర్వాత 50 శాతం దాకా వెళ్లారు. మన దేశంలో అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్ఐడీలో చదివిన శశాంక్ నిమ్కర్ ఎర్త్ తత్వ పేరుతో 60 శాతం దాకా ఫ్యాక్టరీ వేస్ట్ వాడి సామాను చేస్తున్నాడు. నేను 30 శాతానికే చేతులెత్తేశాను. మిషన్ మీద పళ్లెం అంచు పైకి లేస్తుంటేనే చిరిగిపోయింది. నలభై పళ్లాలు తీస్తే ఆరబెట్టాక ఆరు మిగిలాయి.

ఆ జపాన్ గిన్నెని నేను గంటలకొద్దీ చూశాను. రంగు పాలలా తెల్లగా లేదు, చిక్కటి మజ్జిగలా ఉంది. బరువు, మోత, అడుగున గ్లేజు లేని వలయం దగ్గర గరుకు, అన్నీ చూశాను. ఎక్కడా ఒక్క నల్లచుక్క లేదు. చుక్క లేకపోవడమంటే ఏమిటో నాకప్పటికి తెలీదు. ఇక్కడ మొదలుపెట్టాక తెలిసింది.

మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. సిటీలో ఒక హోటల్ వాళ్లతో మాట్లాడుకున్నాను, పగిలినవన్నీ గోనెసంచుల్లో పెడితే నేనే వచ్చి తీసుకెళ్తానని. నెలకి మూడు సంచులు. మొదటి మూడూ పైపైన చూసి, కడిగించి, అలాగే పొడి కొట్టించాను. ఆ పొడితో 24 పళ్లాలు చేసి కాలుస్తుంటే బట్టీ దగ్గర ఎండుచేపలు మాడినట్టు కంపు. మా కుర్రాడు బయటికి పరిగెత్తాడు. మర్నాడు తలుపు తీస్తే పళ్లాలు నడిమికి సోలిపోయి, బట్టీలో పరిచే పలకలకి అతుక్కుపోయి ఉన్నాయి. సుత్తి పెట్టి కొట్టుకోవాల్సి వచ్చింది. రెండు పలకలు కూడా పోయాయి, అవి పళ్లాల కన్నా ఖరీదు.

మిగిలిన ముక్కలు నేల మీద పోసి చూస్తే తెలిసింది. ఆ కంపు మెలమైన్‌ది. అది ప్లాస్టిక్, పగిలితే దూరం నుంచి పింగాణీలాగే కనిపిస్తుంది. సోలిపోవడానికి కారణం ఓపల్ గ్లాసు, అంటే ఇళ్లలో చాలామంది పింగాణీ అనుకుని వాడే తెల్ల గాజు పళ్లాలు. బట్టీ వేడికి అది బెల్లం పాకమే. పైగా బోన్ చైనా. ఎముకల బూడిద 40, 50 శాతం దాకా ఉండే సరుకు అది, మన పాళ్లన్నీ తలకిందులు చేస్తుంది. జపాన్‌లో నిక్కో అనే కంపెనీ తన బోన్ చైనా చెత్తని మెత్తగా చేసి, అందులోని ఫాస్ఫేటు కోసం ఎరువుగా అమ్ముతోంది. మాకు అంత స్థాయి లేదు కాబట్టి పక్కన పెట్టేస్తాం.

అప్పటి నుంచి సంచి విప్పితే ఒక్కో ముక్కా నా చేతిలోంచి పోవాల్సిందే. రాత్రి అన్నం తిన్నాక వరండాలో కూర్చుంటాను. ముక్కని సెల్‌ఫోన్ టార్చి మీద పెడితే, వెలుగు వెనక నుంచి వేళ్ల నీడ కనపడితే బోన్ చైనా. పగిలిన అంచు సీసాముక్కలా నున్నగా, పదునుగా ఉంటే గాజు. సూది ఎర్రగా కాల్చి ఆనిస్తే మాడి కంపు కొట్టేది మెలమైన్. బంగారు గీతలు, ఎర్ర పసుపు పువ్వులు గ్లేజు పైన అంటించినవైతే వాటిలో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది, అవి వేరే డబ్బా. చివరి పరీక్ష నాలుక. పగిలిన అంచు నాలుకకి ఆనిస్తే, బాగా కాలిన పింగాణీ ఏమీ చేయదు. సరిగ్గా కాలనిది, సందులున్నది, తడిని పీల్చి నాలుకని పట్టుకుంటుంది. ఖుర్జాలో చాచా నేర్పిన విద్య ఇది. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్లు. ల్యాబు రిపోర్టు వచ్చే లోపల ఆయన నాలుక రిపోర్టు ఇచ్చేసేది. ఎక్కువసార్లు రెండూ ఒకటే.

ముక్కలన్నీ ముందే మరగబెట్టినవే. కానీ నేను వరండాలో కూర్చుని హోటలు పళ్లాల ముక్కలు ఒక్కొక్కటీ నాకుతుండగా మా అమ్మ మంచినీళ్లకి లేచి వచ్చి చూసింది. ఆ రాత్రి ఆమె ఏమీ అనలేదు. పొద్దున్నే మా ఆవిడతో "వాడికి పని ఎక్కువైనట్టుంది, రెండు రోజులు సెలవు పెట్టించమ్మా" అందట.

రెండో విడతకి మా షెడ్డులో పోయిన సొంత పళ్లాలే వాడాను. ఏ మట్టో తెలుసు, ఏ గ్లేజో తెలుసు. షాద్‌నగర్ వైపు పలుగురాయి పొడి కొట్టే మిల్లు ఒకటి మాట్లాడుకుని 200 కిలోలు పంపాను. పళ్లాలు బ్రహ్మాండంగా వచ్చాయి, ఒక్కోదాని మీద పదేసి నల్లచుక్కలతో. మిల్లు సుత్తులు అరిగి, ఆ ఇనుము పొడిలో కలిసింది. గట్టి సరుకు కదా, రాయి సుత్తిని తింటుంది. కంటికి ఆనని ఇనుము రేణువు బట్టీలో కరిగి, గ్లేజు కింద నుంచి మిరియం గింజంత మచ్చై పైకి తేలుతుంది. ఇప్పుడు మట్టిని నీళ్లలో పలచగా కలిపి, పొడవాటి అయస్కాంతాల మధ్య నుంచి మూడుసార్లు పోస్తున్నాం. మొదటిసారి అయస్కాంతం తీసి చూస్తే నల్లగా మీసాలు మొలిచినట్టుంది.

ఇంకో దొంగ పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అచ్చులన్నీ దానితోనే చేస్తాం. అరిగిపోయి రాలిన అచ్చు ముక్క చెత్తలో కలిస్తే కనిపెట్టడం చాలా కష్టం, తెలుపులో తెలుపు. పళ్లెం కాలాక అక్కడో గుంత పడుతుంది. అందుకే ఖుర్జాలో చాచా ఒకే పని మీద ఎవర్నయినా చెంప వాయించేవాడు, అచ్చుల గది ఊడ్చిన చీపురుతో బట్టీ గది ఊడిస్తే. అప్పుడు అది ముసలాయన చాదస్తం అనుకున్నాను. మా షెడ్డులో ఇప్పుడు మూడు రంగుల చీపుర్లున్నాయి.

నూరడం మిషన్ పని, ఏరడం మనిషి పని. ఈ రెండో దానికే డబ్బంతా పోతోంది. పలుగురాయి పొడి నాకు కిలో 6 రూపాయలకి గుమ్మంలో దిగుతుంది. నా పెంకుల పొడి ఏరి, కడిగి, మరగబెట్టి, మిల్లుకి పంపి తెచ్చుకునేసరికి కిలో 16 పడుతోంది. నా కూలి వేయకుండా. కొంత ఆదా బట్టీలో వస్తుంది. పొడిలో ముందే కరిగిన గాజు ఉంది కాబట్టి పళ్లెం తొందరగా బిగుస్తుంది. 1240 దాకా తీసుకెళ్లేవాణ్ని ఇప్పుడు 1210 దగ్గర ఆపుతున్నాను. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ తాగడం ఎక్కువ కాబట్టి ఆ చివరి 30 డిగ్రీలు తెలుస్తాయి. అయినా 16 రూపాయలు 6 కావు. ఇది లాభసాటి అని ఎవరైనా చెప్తే వాళ్ల లెక్కల్లో ఏరే మనిషి లేడని అర్థం.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. మిల్లు దగ్గర నేను గంటసేపు నిలబడ్డాను. సంచులు కట్టేవాళ్ల కనుబొమలు తెల్లగా, ముక్కుకి చేతిరుమాలు. పలుగురాయిలో ఉండేది సిలికా, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, తగ్గదు. కాల్చిన పింగాణీ దుమ్ములోనూ అదే సిలికా ఉంది. పర్యావరణం కోసం పళ్లెం చేస్తున్నానని చెప్పుకుంటూ ఇంకొకరి ఊపిరి మీద నూరించడం నాకు మింగుడు పడలేదు. పొడి మిల్లుకి పంపడం తగ్గించాం. లోపల గుండ్లు దొర్లి నూరే డ్రమ్ము, చిన్న బాల్ మిల్లు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, నీళ్లు పోసి తడిగా నూరుతుంది, దుమ్ము లేవదు. కాకపోతే అందులో వేసే ముందు ముక్కల్ని శనగగింజంత చేయాలి, అది ఇంకా బయటే అవుతోంది. ఆ ఒక్కటి తేలలేదు.

పళ్లాలు చేతికొచ్చాక ఇక పరీక్షలు. రెండు గంటలు మరగబెట్టి, తుడిచి, బంగారం తూచే కాటా మీద తూచాను. బరువు అర శాతం కూడా పెరగలేదు, అంటే నీళ్లు పీల్చలేదు. సీసం, కాడ్మియం కోసం ల్యాబుకి పంపాను. 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి, ఆ నీళ్లలోకి ఏం దిగిందో చూస్తారు. ఏమీ దిగలేదు. రిపోర్టు వచ్చిన రోజు మా నలుగురం బిర్యానీ తెప్పించుకున్నాం, ఆ పళ్లాల్లోనే తిన్నాం.

మొదటి కస్టమరు ఒక కెఫే అతను. పళ్లెం అటూ ఇటూ తిప్పి, "అన్నా, బాగుంది గానీ మచ్చలేవి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "రీసైకిల్ అంటున్నావు కదా, అలా కనపడాలి. నల్లచుక్కలు ఉంటాయి చూడు, అవి." మూడు నెలలు అయస్కాంతాలతో తలకిందులుగా తపస్సు చేసి తీసేసిన చుక్కలు! లోపలికి వెళ్లి రెండో విడత పళ్లెం ఒకటి తెచ్చి చూపించాను. "హా, ఇదే" అన్నాడు. రిజెక్టు కింద పెట్టిన 60 పళ్లాలూ పట్టుకుపోయాడు, మంచివాటి కన్నా 20 రూపాయలు ఎక్కువిచ్చి.

ఇక మా అమ్మ. ఆమె లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఇత్తడి, కంచు, స్టీలు తోమితే శుద్ధి. మట్టిది ఒకసారి ఎంగిలైతే బయట పారేయాలి. పింగాణీ మట్టి కిందకే వస్తుంది. జాడీ మాత్రం మినహాయింపు, "జాడీలో ఎవరూ తినరు కదా" అంటుంది. నేను 1210 డిగ్రీల గురించి చెప్పాను. "అమ్మా, ఆ వేడికి ఇనుమే ఎర్రగా మండిపోతుంది, ఎంగిలి ఎక్కడుంటుంది?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "అగ్నిలో పడింది కాబట్టి సరే అనుకో. కానీ నువ్వే కదా చెప్పావు, అది మళ్లీ మట్టి కాలేదని. పళ్లెంగానే ఉండిపోయిందని. మట్టయి మళ్లీ పుడితే ఎంగిలి పోయేది."

తొమ్మిదేళ్లు ఖుర్జాలో, అంతకుముందు కాలేజీలో నేను నేర్చుకున్నదాన్ని ఆమె ఒక్క ముక్కలో నా మీదికే తిప్పింది. జవాబు దొరకలేదు, బోన్ చైనా సంగతి మాత్రం ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను.

నిన్న ఊరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు తన సంచిలో ఒక పళ్లెం పెట్టుకుంటుంటే మా ఆవిడ చూసి నాకు సైగ చేసింది. నేను తెలియనట్టే ఊరుకున్నాను. ఇవాళ పొద్దున వీడియో కాల్‌లో వంటింట్లోంచి మాట్లాడుతుంటే వెనక గట్టు మీద కనపడింది. పెరుగు గిన్నె మీద బోర్లించి, పైన పిల్లి తొయ్యకుండా చిన్న రోకలిబండ బరువు పెట్టింది.

"మూత సరిగ్గా సరిపోయిందిరా" అంది.